'లో ఈసీ' (ఉప్పు తక్కువ) కోకోపీట్ అంట! ఆదివారం లైవ్ ఆయన దగ్గర కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

లైవ్ ఇప్పుడే అయిపోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరాలు తప్పు పడితే సర్దుకుని చదువుకోండి. ఆయన పేరు రాయను. ఆదివారం పదకొండింటికి 'నమస్తే మొక్కల కుటుంబం' అంటూ మొదలుపెట్టేది ఎవరో మీ అందరికీ తెలుసు.

మాది మూడో అంతస్తు. ఉన్న మొక్కలన్నీ హాల్లోనే. మట్టి కుండీలు జరపలేక, వాటిలోంచి చీమలు సోఫా ఎక్కుతుంటే పడలేక, పోయిన నెల అన్నిటినీ కోకోపీట్‌లోకి, అంటే మట్టి బదులు వాడే కొబ్బరి పొట్టులోకి, మార్చాను. పొట్టుని నొక్కి చేసిన 5 కిలోల ఇటుకలు రెండు, ఒక్కోటి 380. 'పొల్లాచి సరుకు, మూడుసార్లు కడిగింది' అని లైవ్‌లో ఒట్టేసినంత పని చేశారు. ప్యాకెట్ మీద 'ఈసీ 0.5 లోపు' అని అచ్చు కూడా ఉంది. ఈసీ అంటే ఎంత ఉప్పుందో చెప్పే కొలత. నానబెడితే 75 లీటర్లు అవుతుందన్నారు, నాకు 50 దాటలేదు. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. పైగా కుండీలు ముచ్చటగా సర్ది, ఫొటోలు తీసి ఆయనకి పంపాను. 'హ్యాపీ కస్టమర్' అని పెట్టుకున్నారు. అది చూసి మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురు ఆర్డర్ పెట్టారు. ఉచిత ప్రచారం, నా సొంత ఖర్చుతో.

మా అత్తయ్యది కోనసీమ. బకెట్లో ఉబ్బుతున్న ఇటుక చూసి, 'కడిగావా అమ్మా? కొబ్బరి పొట్టులో ఉప్పుంటుంది' అని రెండుసార్లు అడిగారు. 'వాళ్ళే కడిగి పంపారు అత్తయ్యా' అన్నాను, ఏదో అగ్రికల్చర్ బీయెస్సీ చదివినదానిలా.

పన్నెండో రోజుకి పీస్ లిల్లీ ఆకుల కొనలు అగరబత్తితో కాల్చినట్టు అయ్యాయి. మా అక్క బెంగళూరు నుంచి బస్సులో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని పోశాను, ఎక్కువయ్యాయేమోనని మానేశాను, లిక్విడ్ ఎరువు ఇంకో మూత కలిపాను. అదే నేను చేసిన ఘనకార్యం. ఎరువులో ఉండేదీ లవణాలే కదా, ఉప్పు మీద ఉప్పు. మూడో వారానికి మాన్‌స్టెరా కొత్త ఆకు విచ్చుకోకుండానే నల్లబడింది. మనీ ప్లాంట్ కూడా పోయిందంటే ఏం చెప్పాలి, సీసాలో నీళ్ళు పోసి వదిలేసినా బతికే మొక్క! జెడ్‌జెడ్ ప్లాంట్ ఒక్కటే చెక్కుచెదరలేదు.

కుండీ అంచున తెల్లగా పొర కట్టింది. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

అప్పుడు 250 రూపాయలు పెట్టి, నీళ్ళలో కరిగిన ఉప్పుని కొలిచే టీడీఎస్ మీటర్ కొన్నాను. ముందే కొనాల్సింది, తెలుసు, అనకండి. ఆర్వో నీళ్ళు 42 చూపించింది. మిగిలిన పొట్టులో అవే నీళ్ళు పోసి, కాసేపాగి పిండి చూస్తే 1640. ఈసీ అంకెని దాదాపు 500తో గుణిస్తే ఈ మీటర్ అంకె వస్తుంది, కాబట్టి ప్యాకెట్ మీద ఉన్న 0.5 నిజమైతే 250 దగ్గర ఆగాలి. ఫొటో, వీడియో రెండూ ఆయనకి పర్సనల్‌గా పంపాను, చాలా మర్యాదగా. నాలికతో రుచి చూసిన సంగతి కూడా రాశాను, పిచ్చిదాన్ని. రెండు నీలం టిక్కులు పడ్డాయి. నాలుగు రోజులు జవాబు లేదు.

సరే, ఇవాళ లైవ్‌లో అడిగాను. 'అన్నా, నా మెసేజ్ చూశారా?' అంతే. ఆయన ఫోన్ తీసి, నేను పర్సనల్‌గా పంపిన మెసేజ్ అందరి ముందూ చదివారు. 'ఒక మేడం గారు కోకోపీట్ రుచి చూశారంట. మేడం, అది పచ్చడి కాదు, ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి!' పక్కన కెమెరా పట్టుకున్న కుర్రాడి నవ్వు కూడా వినిపించింది. కింద వరసగా నవ్వే బొమ్మలు. అవి పెట్టినవాళ్ళలో ముగ్గురు నాకు తెలిసినవాళ్ళే. ఆ మాట మీదే ఇంకో రెండు నిమిషాలు నడిపారు: 'మొక్కలు పెంచడం రానివాళ్ళు ప్లాస్టిక్ మొక్కలు పెట్టుకోండమ్మా, నీళ్ళ ఖర్చు కూడా ఉండదు.' రిటర్న్ సంగతేంటని రాస్తే, 'ఏడు రోజుల్లో, తడపకుండా ఉంటేనే' అన్నారు. తడపకుండా ఉప్పు ఎలా తెలుస్తుంది అన్నా, ఇటుక కొరికి చూడాలా? ఆ కామెంట్ పెట్టిన మరుక్షణం నన్ను బ్లాక్ చేశారు. 'హ్యాపీ కస్టమర్' ఫొటో మాత్రం ఇంకా అలాగే ఉందట, పక్కింటావిడ చెప్పింది. అందులో నా పీస్ లిల్లీ పచ్చగా నవ్వుతూ ఉంటుంది.

760 రూపాయలు పోతే పోయాయి. మెసేజ్ అందరి ముందు చదివాడే, అదీ నా మంట.

కోకోపీట్ మంచిదే, దాన్ని తిట్టడం లేదు. కొబ్బరి పీచులోనే ఉప్పుంటుంది, ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన కొబ్బరి డొక్కలైతే ఇంకా ఎక్కువ. మంచి నీళ్ళతో మూడు నాలుగుసార్లు కడిగితే చాలావరకు పోతుంది. పొట్టును అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం మాత్రం ఉత్త నీళ్ళకి వదలవు. కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో రాత్రంతా ఉంచి మళ్ళీ కడగాలి. లేకపోతే మనం వేసిన ఎరువులోని కాల్షియం, మెగ్నీషియం పొట్టే పట్టేసుకుంటుంది, మొక్కకి ఏమీ మిగలదు. ఎవరి దగ్గర కొన్నా ముందు ఇటుక మూల ఒక ముక్క విరిచి, ఆర్వో నీళ్ళలో నానేసి మీటర్ పెట్టి చూడండి. అచ్చేసిన అంకెని నమ్మకండి.

నా ఫొటో చూసి కొన్న ఆ నలుగురికీ: మీ ఇటుకలు మొన్న గురువారమే వచ్చాయి. ఇంకా తడపకపోతే తడపకండి, విరవకండి, ఇవాళే రిటర్న్ పెట్టండి. తడిపేసి ఉంటే మా ఇంటికి రండి, మీటర్ ఇస్తాను. సారీ.