వాన తగ్గాక కొండల్లో: రామతీర్థం నుంచి సీతంపేట దాకా

విశాఖ దాటి కొండలంటే అందరూ అరకు రైలే ఎక్కేస్తారు. అరకు మీద నాకు కోపం లేదు. కానీ అడవి, గెడ్డ, రెండు వేల ఏళ్ల నాటి ఇటుకలు ఒకే నడకలో కావాలంటే విజయనగరం, శ్రీకాకుళం వైపు రావాలి. ఇక్కడ గెడ్డ అంటే కొండవాగు. దసరా సెలవులు అయ్యాక, వానలు తగ్గి గెడ్డల్లో నీళ్లు ఇంకా నిండుగా ఉన్న రోజులు చూసుకుని మేం నలుగురం బయలుదేరాం. తిరిగొచ్చాక గట్టిగా చెప్పాలనిపిస్తున్నది ఒక్కటే: ఈ కొండలను నడిచి చూడండి. పాతకాలపు భిక్షువులు, మునులు ఇక్కడే ఎందుకు ఆగిపోయారో కారు అద్దంలోంచి తెలియదు. ఎండలో కొండెక్కి, దాహమేసి, నీళ్లు కనబడ్డాక తెలుస్తుంది.

మొదట రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కింద రాములవారి దర్శనం చేసుకుని, ఓపిక ఉంటే బోధికొండ మీది కోదండరాముడి గుడి దాకా ఎక్కి వెనక్కి తిరుగుతారు. మేం గురుభక్తులకొండకు వెళ్లాం. పొద్దున్నే ఎక్కాలి, ఎందుకంటే ఎనిమిది దాటితే నల్లటి బండ వేడెక్కిపోతుంది. పైన, నిటారుగా లేచిన రాతిగోడ కింద సన్నటి చదునులో బౌద్ధ విహారాల (భిక్షువులు ఉండే చోట్ల) పునాదులు, స్తూపం, చైత్యాలు (పూజా మందిరాలు) వరసగా ఉన్నాయి. పక్కనే బండ కింద నీళ్లు. పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే ఇక్కడి తవ్వకాల మీద 1910-11 వార్షిక నివేదికలో రాశారు.

రామతీర్థంలోనే ఇంకో కొండ, దుర్గకొండ గుహలో ఉన్న శాసనం సంగతి నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలం నాటిది, అంటే పదకొండో శతాబ్దం మొదట్లోది. కన్నడంలో ఉంది. రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఈ రామకొండకు భక్తితో మొక్కాడని అందులో ఉంది. బౌద్ధులు, జైనులు, రామభక్తులు ముగ్గురూ మొక్కిన కొండలివి. అంతటి చోట ఏ కట్టడం ఏమిటో చెప్పే బోర్డు మాకు సరిగా కనబడలేదు. దారిలో తాగునీరు కూడా లేదు. మనిషికి రెండు లీటర్లు మోసుకెళ్లండి. పైన ఎవరూ ఉండరు కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు.

బస విజయనగరంలోనే మేలు. ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల అన్ని ధరల్లో లాడ్జీలున్నాయి. ఫోన్‌లో బుక్ చేసుకున్న చోట ఫొటోలో చూపించిన గది వేరు, తాళం ఇచ్చిన గది వేరు. తెల్లవారి ఐదింటికి వేడినీళ్లు రావని కూడా ముందు చెప్పలేదు. మర్నాడు గది చూసి, అడిగి, అప్పుడు డబ్బు కట్టిన ఇంకో చిన్న లాడ్జిలో ఏ ఇబ్బందీ లేదు. ధర కూడా తక్కువే.

శృంగవరపుకోట దగ్గరి పుణ్యగిరి దీనికి పూర్తిగా వేరు. రామతీర్థంలో బండ, ఎండ అయితే ఇక్కడ దట్టమైన చెట్లు, నీడ. ఎస్.కోట నుంచి ఆటోలో కొండ కిందికి చేరి, మెట్ల పక్కనే పారే గెడ్డ చప్పుడు వింటూ ఎక్కాం. ఉమాకోటిలింగేశ్వరుడి గుడి, ధారగంగమ్మ లోవ, రాతి మీదుగా జారే నీళ్లు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న కుటుంబానికి నేను ముందు చెప్పేది ఈ చోటే. మెట్లున్నాయి, నీడ ఉంది, కింద టీ, టిఫిను దొరుకుతాయి. కార్తీక సోమవారాలూ శివరాత్రీ మాత్రం నడక కోసం వెళ్లకండి, జనంలో అడవి కనిపించదు. స్నానాలు చేసిన చోట షాంపూ ప్యాకెట్లు, పాత బట్టలు గెడ్డలోనే వదిలేస్తున్నారు. చూస్తే కడుపు తరుక్కుపోయింది. అదే నీటిని దోసిట పట్టి నెత్తిన చల్లుకుంటాం కదా!

అక్కడి నుంచి శ్రీకాకుళం. శాలిహుండం వంశధార నది ఒడ్డున చిన్న కొండ, పాత బౌద్ధ క్షేత్రం. ఎక్కడం తేలిక, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కేయొచ్చు. మా గుంపులో అందరూ ఎక్కువసేపు కూర్చున్నది ఇక్కడే. బండిచక్రంలా ఆకులు తీర్చిన స్తూపం పునాది, గుండ్రటి చైత్యాలు, కింద మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు. పైనుంచి ఒకవైపు వంశధార, దూరంగా కళింగపట్నం వైపు సముద్రం. ఓడరేవుకు దగ్గర, ఊళ్ల గోలకు దూరం, కాళ్ల దగ్గర నది. భిక్షువులకు ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఈ చోటును 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకు తెలుసు. కానీ ఆయన ఈ కొండల గిరిజనులైన సవరల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు తయారుచేశారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార పక్కదే. శాలిహుండం చూశాక సవర ఊళ్లకు వెళ్లాలని మేం అనుకోవడానికి ఆయనే కారణం. ముందు ముఖలింగం వెళ్లి మధుకేశ్వరుడి గుడి శిల్పాలు చూసి, పాలకొండ మీదుగా సీతంపేట చేరాం.

2022 ఏప్రిల్ నుంచి సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అయినా శ్రీకాకుళంలో ఎవరిని అడిగినా ఇంకా మన సీతంపేట అనే అంటారు. మెట్టుగూడ జలపాతం రోడ్డుకు దగ్గర, అందుకే ఆదివారం అక్కడ నిలబడే చోటుండదు. మామూలు రోజున పొద్దున వెళ్తే బాగుంటుంది. మాకు నిజంగా నచ్చింది సున్నపుగెడ్డ. చెట్ల మధ్య కాలిబాట, పక్కన పోడు పొలాలు, దారిలో సీతాఫలాల బుట్టలతో దిగుతున్న ఆడవాళ్లు. దారి చూపడానికి వచ్చిన సవర పెద్దాయన ఒక మలుపు దగ్గర ఆగిపోయాడు.

"అటేపు ఎల్లొద్దు బాబూ, రాత్రి ఏనుగులొచ్చాయి."

"ఎటు నుంచి వెళ్దాం మావయ్యా?"

మట్టిలో అడుగులు చూపించి, చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు చాలా ఏళ్లుగా ఈ ప్రాంతంలో తిరుగుతున్నాయి, పంటలూ ప్రాణాలూ పోయాయి. ఇక్కడ స్థానికుడు లేకుండా అడవిలో కాలు పెట్టడం తెలివితక్కువ పని. యాప్‌లో చూపించే బాటను నమ్మకండి, సిగ్నలే ఉండదు. బయలుదేరే ముందు ఊళ్లో అడగండి, అటవీ సిబ్బంది కనిపిస్తే వాళ్లనూ అడగండి. మనతో వచ్చిన మనిషికి కనీసం ఒక రోజు కూలి ఇవ్వాలి. మన కోసం ఆయన పొలం పని మానుకున్నాడు.

భోజనానికి సీతంపేటలో చిన్న మెస్సులున్నాయి, అన్నం, పప్పు, చేపల పులుసు వేడిగా పెట్టారు. దారిలో ఒక ఇంట్లో ఇచ్చిన చోడి (రాగి) అంబలి మాత్రం హోటల్లో దొరకదు. డబ్బు తీసుకోనన్నారు, పిల్లలకు నోటు పుస్తకాలు కొనిచ్చాం. రాత్రి ఉండటానికి సరైన ఏర్పాటు మాకు దొరకలేదు, పాలకొండ వెనక్కి వచ్చి పడుకున్నాం. ఆడలి వ్యూపాయింట్ నుంచి పొద్దున మంచు చూడాలంటే చీకట్లో లేచి ఘాట్ ఎక్కాలి. మలుపులు తెలిసిన డ్రైవరే ఉండాలి, సొంత కారుతో కొత్తవాళ్లు ప్రయత్నించొద్దు.

తిరుగు రైలుకు శ్రీకాకుళం ఊళ్లోకి వెళ్లనక్కర్లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో. పాలకొండ నుంచి వచ్చేటప్పుడు సాయంత్రం బస్సుల్లో రద్దీ ఎక్కువ, సంచులతో నిలబడాల్సి వస్తుంది. మధ్యాహ్నం రెండింటికల్లా బయలుదేరితే టెన్షన్ ఉండదు.