థైరాయిడ్ డల్ అయిందా? దవడ కింది గ్రంథిని అడగండి: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

విజయనగరంలో ఒక స్కానింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. మెడ అల్ట్రాసౌండ్ స్కాన్ లేని రోజు ఉండదు. సాలూరు, బొబ్బిలి, గజపతినగరం వైపు నుంచి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. "గొంతులో ఏటో అడ్డం పడినట్టుంటాది డాక్టరమ్మా" అంటారు పడుకుంటూనే. వీళ్లలో గడ్డ దొరికేది కొందరికే. మిగతావాళ్ల దగ్గర చూడాల్సింది థైరాయిడ్ స్క్రీన్ మీద ఉండాల్సినంత తెల్లగా ఉందా, డల్ అయిందా అన్నది. అందుకు దవడ కింద ఉండే లాలాజల గ్రంథితో, అంటే సబ్‌మాండిబులర్‌తో, పోల్చి చూడటం ఏళ్లుగా నాకు అలవాటు. 5 మార్కులకు 4 ఇస్తాను. తగ్గిన ఆ ఒక్క మార్కు సంగతీ చెబుతాను.

మాకు మొదట నేర్పేది మెడ ముందు ఉండే స్ట్రాప్ కండరాలతో పోల్చమని. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ ఆ కండరాల కంటే బాగా తెల్లగా ఉంటుంది. తేడా అంత పెద్దది కావడమే చిక్కు. థైరాయిడ్ ఓ మోస్తరుగా డల్ అయినా కండరం కంటే తెల్లగానే కనబడుతుంది, నార్మల్ అని రాసేస్తాం. కండరంతో సమానంగా నల్లబడిందంటే మార్పు అప్పటికే ముదిరినట్టు. సబ్‌మాండిబులర్ తెలుపు మామూలు థైరాయిడ్ తెలుపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, కొద్దిపాటి తగ్గుదల కూడా పక్కపక్కన పెడితే కంటికి ఆనుతుంది.

థైరాయిడ్‌లో కొల్లాయిడ్ అనే జిగురు ద్రవం నిండిన సన్నటి సంచులుంటాయి. ధ్వని వాటి గోడలకు తగిలి వెనక్కి వస్తుంది కాబట్టే గ్రంథి తెల్లగా కనిపిస్తుంది. 1912లో జపాన్ డాక్టర్ హకారు హషిమోటో వివరించిన జబ్బులో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చొరబడి ఆ సంచులను పాడుచేస్తాయి. వెనక్కి వచ్చే ధ్వని తగ్గి గ్రంథి నల్లబడుతుంది. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బులోనూ ఇలాగే డల్ అవుతుంది. బాగా లావుగా ఉన్న కొందరిలో థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీలు లేకుండానే డల్‌గా ఉంటుంది. అందుకే తెలుపు తగ్గిందని చూసి జబ్బు పేరు పెట్టను.

ఇక పని దగ్గరికొస్తే, భుజాల కింద దిండు పెట్టి, నల్లపూసలు పక్కకు జరిపించి, తల వెనక్కి వాల్పిస్తాను. స్క్రీన్‌ను రెండు భాగాలు చేసి ఒకదాంట్లో థైరాయిడ్‌ను ఫ్రీజ్ చేస్తాను. గెయిన్, డెప్త్, ఫోకస్ లాంటి మెషిన్ సెట్టింగులు ఏవీ ముట్టుకోకుండా, మెడ మీద ఆనించే ప్రోబ్‌ను అదే వైపు దవడ కిందికి జరిపి, రెండో భాగంలో లాలాజల గ్రంథిని పట్టుకుంటాను. మధ్యలో ప్రీసెట్ (ముందే అమర్చిన సెట్టింగుల జట్టు) మారిస్తే పోలిక పోయినట్టే. బొమ్మను దానంతటదే సరిచేసే ఆటో బటన్ ఇంకా ప్రమాదం. రెండు బొమ్మలనూ ఒకేలా అందంగా తయారుచేసి పెడుతుంది, పోల్చడానికేమీ మిగలదు. దవడ కింద కొవ్వు మందంగా ఉన్నవాళ్లతోనూ జాగ్రత్త. ధ్వని దారిలోనే నీరసించి సబ్‌మాండిబులర్ డల్‌గా వస్తుంది. దాని పక్కన పాడైన థైరాయిడ్ కూడా బాగున్నట్టే ఉంటుంది.

ఒక మార్కు తగ్గించింది మాత్రం లాలాజల గ్రంథే పాడయ్యే సందర్భాలకు. షోగ్రెన్ జబ్బులో నోరూ కళ్లూ ఎండిపోతాయి, లాలాజల గ్రంథులు మచ్చలు మచ్చలుగా నల్లబడతాయి. ఈ జబ్బు, హషిమోటో ఒకే మనిషిలో కలిసి ఉండటం అరుదేమీ కాదు. రెండూ డల్ అయితే "సమానంగా ఉన్నాయి" అనిపిస్తుంది. అందుకే ప్రోబ్ పెట్టకముందే "ముద్ద మింగడానికి మాటిమాటికీ నీళ్లు తాగాల్సి వస్తోందా అమ్మా?" అని అడుగుతాను. థైరాయిడ్ చికిత్సకు రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లు, లాలాజల గ్రంథిలో రాళ్లో ఇన్ఫెక్షనో వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకి రారు. పెద్ద వయసువాళ్లలో లాలాజల గ్రంథిలో కొవ్వు చేరి మరీ తెల్లబడుతుంది, మంచి థైరాయిడ్ కూడా డల్‌గా కనబడుతుంది. పోనీ కండరాలకు వెళదామంటే వాటిలోనూ కొవ్వు చేరి ఉంటుంది. అప్పుడు తెలుపు సంగతి వదిలేసి గ్రంథి అల్లిక చూస్తాను: సన్నటి నల్ల మచ్చలున్నాయా, మధ్యలో తెల్లటి గీతలున్నాయా, అంచులు గరుకుగా ఉన్నాయా అని.

నాకు ఒళ్లు మండేది బయటి నుంచి వచ్చే పాత రిపోర్టులతో. "ఎకోజెనిసిటీ (అంటే ఈ తెలుపే) తగ్గింది" అని ఉంటుంది, దేనితో పోలిస్తే తగ్గిందో ఉండదు. ఏడాది తర్వాత అదే మనిషి మళ్లీ వస్తే పెరిగిందో తరిగిందో ఏ ఆధారంతో చెప్పాలి? నేను ఏ గ్రంథితో పోల్చానో, అది బాగుందో లేదో రాసి, రెండు భాగాల బొమ్మను రిపోర్టుకు జత చేస్తాను.

"అయితే మాత్ర ఏసుకోవాలా?" అన్నది అందరూ చివర్లో అడిగేదే. అది స్కాన్ చూసి చెప్పేది కాదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది), యాంటీ టీపీఓ (ఆ యాంటీబాడీలను చూసేది) రక్తపరీక్షలు చేయించుకుని మీ డాక్టర్‌కు చూపించమని చెప్పి పంపిస్తాను.