పొగ గొట్టం (ఫ్లూ) ఉన్న గ్యాస్ గీజర్: 4 చలికాలాలు వాడాక

నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది, బోరు నీళ్లకి కరెంట్ గీజర్ కాయిల్ పదే పదే పోతుంటే విసుగొచ్చి 6 లీటర్ల గ్యాస్ గీజర్ పెట్టించాం. వేడి నీళ్ల విషయంలో వంక పెట్టలేను, నలుగురం వరసగా స్నానాలకి దిగినా ఆగదు. బాత్రూంలో బిగిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు, వంటింటి వెనక వాష్ ఏరియాలో పెట్టించి పొగ గొట్టం గోడలోంచి బయటికి తీయించాం.

అసలు కథంతా ఆ గొట్టందే. రెండేళ్లు దాని వంక చూసిన పాపాన పోలేదు. మూడో ఏడు డిసెంబర్‌లో అత్తమ్మకి రోజూ పొద్దున తలనొప్పి, కడుపులో తిప్పడం, బాల్కనీలో కూర్చుంటే మధ్యాహ్నానికి తేరుకునేది, బీపీ అనుకుని డాక్టర్ దగ్గరికి కూడా తిరిగాం. అసలు కారణం గీజర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు. దానికి రంగూ వాసనా ఉండవు, సిలిండర్ లీకైతే వచ్చే ఘాటు వాసన కాలిన పొగలో ఉండదు, మనకెలా తెలుస్తుంది మరి. గీజర్ బిగించినాయన్ని పిలిస్తే "ఏం గాదక్కా, పైపు ఉంది గదా" అని వెళ్లిపోయాడు. మా ఆయన గ్రిల్‌లోంచి చెయ్యి చాపి టార్చ్ కొడితే గొట్టం కొస నిండా పావురాల గూడు, చీపురు పుల్లలు, వైరు ముక్కలతో సహా! ఎండాకాలం గీజర్ వాడం కదా, అప్పుడు కాపురం పెట్టినట్టున్నాయి. అది పీకేసి, కొసకి జాలీ బిగించి (సన్న జాలీ వద్దు, దుమ్ముకి అదే మూసుకుపోద్ది), బర్నర్ సర్వీస్ చేయించాక పసుపుగా వచ్చే మంట నీలంగా మారింది.

అయిపోయిందనుకున్నా. దేనికైనా మంచిదని సీఓ అలారం కొని పెడితే ఒకరోజు దాని మీద 38 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 38 వంతుల సీఓ) కనిపించింది, బీప్ లేదు. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 50291 ప్రకారం 50 పీపీఎం దగ్గర గంట నుంచి గంటన్నరకి మోగాలి, 300 అయితే 3 నిమిషాల్లోపు. అందుకే బీప్ కోసం కూర్చోకండి, అంకె కనిపించే మోడల్ తీసుకోండి.

మరి గొట్టం శుభ్రంగానే ఉందిగా? గ్యాస్ వాసన లేదని చూసుకుని, తలుపులూ కిటికీలూ మూసి, గీజర్ 5 నిమిషాలు నడిపి గొట్టం మొదట్లో ఉన్న సందు దగ్గర అగరుబత్తి పెట్టా. పొగ చక్కగా పైకి లాక్కుంది. అదే వంటింట్లో చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో పెట్టగానే ఆ పొగ తడబడి, వెనక్కి తిరిగి నా మొహం మీదికొచ్చింది!! గంటకి 1200 క్యూబిక్ మీటర్ల గాలి లాగే చిమ్నీ అది, చలికని అన్నీ మూసేస్తే దానికి గాలి ఎక్కణ్ణుంచి రావాలి, పొగ గొట్టంలోంచే లాగుతుంది. వెంటనే అన్నీ బార్లా తెరిచాం.

ఇప్పుడు వాష్ ఏరియా కిటికీకి రెండు గాజు పలకలు శాశ్వతంగా తీసేశాం, స్నానాలయ్యేదాకా చిమ్నీ ముట్టుకోం, ఈ చలికాలమంతా అంకె సున్నా దాటలేదు. వేడికి 5కి 5 ఇస్తా, బిగించినాయన పనికి 1 కూడా ఎక్కువే. మళ్లీ కొనాల్సొస్తే మాత్రం ఈ రకం కొనను, లోపల ఫ్యాన్ ఉండి, మంటకి కావాల్సిన గాలి కూడా బయటినుంచే తీసుకునే సీల్డ్ మోడల్ అయితేనే, రేటు ఎక్కువైనా సరే.