ఇరవై ఏళ్ల జావా కాపురం

2005లో అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గరి ఒక ఇరుకు గదిలో మోకాళ్లు తగులుతుండగా కూర్చుని జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. ‘ఇది అన్నం పెడుతుంది’ అన్నారు మా సారు. పెట్టింది. ఇప్పుడు మాదాపూర్‌లో మా బృందంలో చేరే పిల్లలు మొదటి వారంలోనే అడుగుతున్నారు: ‘పెద్ద కంపెనీలు జావాను వదిలేస్తాయా సార్?’

వదిలించుకునే ప్రయత్నం ఒకటి దగ్గరుండి చూశాను. ఒక బ్యాంకు వడ్డీ లెక్కల ప్రోగ్రామును గో భాషలో తిరగరాయడానికి పూనుకున్నాం. ఆరు నెలల్లో ముచ్చటైన కోడ్ తయారైంది. పాతదాని పక్కన నడిపి చూస్తే కొన్ని ఖాతాల్లో పైసా తేడా! మొత్తం సరిగ్గా అర పైసా దగ్గర ఆగితే పాత కోడ్ దగ్గరలోని సరి సంఖ్యకు సవరిస్తోంది. మేము ప్రతిసారీ పైకే సవరించాం. అది దిద్దాక మరో తేడా బయటపడింది. ఎప్పుడో మూతపడిన పథకం కోసం ఎవరో రాసిన ఒక ‘ఇఫ్’, అంటే ‘ఇలా అయితే అలా చెయ్’ అనే షరతు. ఎందుకు రాశారో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగల్లేదు. రెండో ఏడాదికి డబ్బూ ఓపికా అయిపోయాయి, పాతదే నడుస్తోంది.

కంపెనీల భయమంతా అలాంటి ‘ఇఫ్’ల గురించే. 1959లో పుట్టిన కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేటికీ బ్యాంకుల్లో బతికి ఉన్నది ఇందుకే.

అలాగని జావా సుఖపెట్టిందని అనను. జావా 8 నుంచి 11వ వెర్షన్‌కి మారినప్పుడు, ఎక్స్‌ఎంఎల్ డేటాను చదివి రాసే జాక్స్‌బీ అనే భాగాన్ని అందులోంచి తీసేశారని తెలియక మూడు శని, ఆదివారాలు పోగొట్టుకున్నాను. ఖాళీ విలువను వాడబోయినప్పుడు వచ్చే ‘నల్ పాయింటర్ ఎక్సెప్షన్’ అనే లోపం తెల్లవారుజామున నిద్ర లేపిన రోజులకు లెక్కే లేదు. 2019లో జావా యజమాని ఒరాకిల్ లైసెన్సు నిబంధనలు మార్చినప్పుడు మా మేనేజరు జావా పేరు వింటేనే ఉలిక్కిపడేవారు. తీరా చూస్తే జావాకు ఉచిత రూపమైన ఓపెన్‌జేడీకేకు మారడం మా జట్టుకు ఒక్క సాయంత్రం పని.

అదే ఏడాది గూగుల్ ఆండ్రాయిడ్‌లో కోట్లిన్ అనే మరో భాషకు పెద్దపీట వేసింది. వలస అంటే అదే మరి. కానీ కోట్లిన్ కూడా జావా లైబ్రరీలను, అంటే ముందే రాసి పెట్టిన కోడ్‌ను, నేరుగా వాడుకునే భాషే. పాత ఇల్లు కూల్చకుండా పక్కన గది వేసుకున్నట్టు.

నిజంగా సంతోషపెట్టింది జావా 21. వేలకొద్దీ పనులను ఒకేసారి తేలిగ్గా నడిపే వర్చువల్ థ్రెడ్లు వచ్చాక, ఒకదాని కడుపులో ఒకటి దాగిన మా కాల్‌బ్యాక్‌లను (ఒక పని అయ్యాక నడవమని అప్పగించే కోడ్ ముక్కలను) చాలావరకు చెరిపేశాను. గత నెల ఆ వడ్డీ ప్రోగ్రామును కూడా 21కి తెచ్చాం. ఆ ‘ఇఫ్’ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.