ఇంటికి వచ్చే కేరర్ ఎవరు? స్కాటిష్ సోషల్ సర్వీసెస్ కౌన్సిల్ రిజిస్టరుపై సమీక్ష

తుంటి ఎముక విరిగి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మా అత్తగారికి, ఉదయం స్నానానికీ రాత్రి పడక వేళకూ సాయం చేయడానికి రోజుకు రెండుసార్లు కేరర్ రావడం మొదలైంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోయాక, గోడకు బిగించిన అంకెల పెట్టెలోంచి తాళంచెవి తీసుకుని, ముక్కూమొహం తెలియని మనిషి లోపలికి వస్తుందంటే ఆమె ఎవరో తెలుసుకోవాలన్న ఆరాటం ఎవరికైనా ఉంటుంది. ఆ ఆరాటంతోనే, స్కాట్లండులో సంరక్షణ సిబ్బందిని నమోదు చేసే, డండీ నగరం నుంచి పనిచేసే స్కాటిష్ సోషల్ సర్వీసెస్ కౌన్సిల్ వారి రిజిస్టరును ఏడాదిగా వాడుతున్నాను.

ఈ సంస్థ 2001 నాటి చట్టం కింద ఏర్పడింది. మొదట సోషల్ వర్కర్లతో ప్రారంభమైన రిజిస్టరులోకి, ఇళ్ళకు వెళ్ళి పనిచేసే కేరర్లు 2017 నుంచి వచ్చారు. పేరుతోగానీ రిజిస్ట్రేషన్ నంబరుతోగానీ ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. పేరుతో వెతకడం మన వాళ్ళ విషయంలో కొంచెం చిక్కే. మా ఇంటికి వచ్చిన ఇద్దరు తెలుగు అమ్మాయిల్లో ఒకరి ఇంటిపేరును అసలు పేరు గడిలో టైపు చేసి, మనిషి లేదనుకుని ఒక పూట కంగారుపడింది నేనే. తప్పు నాది. నంబరు అడిగి వెతికితే అర నిమిషంలో కనిపించింది.

రిజిస్టరు కంటే నాకు ఎక్కువగా నచ్చింది దాని వెనుక ఉన్న ప్రవర్తనా నియమావళి. ఉద్యోగికి ఒకటి, ఉద్యోగమిచ్చిన సంస్థకు ఒకటి, విడివిడిగా ఉన్నాయి. 2024 మేలో రెండింటినీ సవరించారు. ఇది నిజంగా పనిచేస్తుందా అన్న నా సందేహం దసరానాడు తీరింది. మా అత్తగారు అరిసెల డబ్బాతో పాటు ఇరవై పౌన్ల నోటు చేతిలో పెట్టబోతే, ఆ అమ్మాయి నోటును మెల్లగా బల్ల మీదే ఉంచి, "డబ్బు తీసుకోకూడదండీ మామ్మగారూ, అరిసె ఒక్కటి ఇక్కడే తింటాను" అని, ఆ సంగతి కూడా రోజువారీ పుస్తకంలో రాసి వెళ్ళింది. బహుమతుల విషయంలో సంస్థ విధానాన్ని పాటించాలన్న మాట 2002లో వెలువడిన మొదటి నియమావళిలోనే ఉంది. మా అత్తగారు మాత్రం రెండు రోజులు చిన్నబుచ్చుకున్నారు.

నియమం తప్పిన వారికి హెచ్చరిక, షరతులు, సస్పెన్షన్, చివరికి పేరు తొలగింపు వరకు చర్యలు ఉంటాయి. ఉద్యోగ సమయం వెలుపలి ప్రవర్తన కూడా లెక్కలోకి వస్తుంది. చాలీచాలని జీతానికి తెల్లవారుజామున బస్సెక్కే మనిషికి ఇది కొంత కఠినమేనని నాకు అనిపిస్తుంది. అయినా ఒంటరి వృద్ధుల ఇంటి తాళంచెవి ఆమె చేతిలో ఉంటుందన్నది కూడా నిజమే కదా.

లోపాలూ ఉన్నాయి. 2024 జూన్ నుంచి, కొత్తగా చేరినవారు మూడు నెలల్లో దరఖాస్తు చేసి, ఆరు నెలల్లోగా రిజిస్టరులోకి వస్తే చాలు. అంటే పని బాగా నేర్చుకోని తొలి నెలల్లోనే ఆ మనిషి పేరు మనకు కనిపించకపోవచ్చు. మా ఇంటికి కేరర్లను పంపే ఏజెన్సీ ఈ సంగతి ముందుగా చెప్పలేదు. అడిగితే "ఆమె కొత్త" అన్న ఒక్క మాటతో సరిపెట్టింది. ఫిర్యాదు దారి కూడా సామాన్యుడికి సులభంగా అర్థమయ్యేది కాదు. మనిషి ప్రవర్తన ఈ కౌన్సిల్ పరిధి, ఆ మనిషిని పంపే సంస్థ నాణ్యత కేర్ ఇన్‌స్పెక్టరేట్ అనే వేరే తనిఖీ సంస్థ పరిధి. కేరర్ గంట ఆలస్యంగా వస్తే తప్పు మనిషిదా, ఒకే గంటలో మూడు ఇళ్ళు అప్పగించిన సంస్థదా అన్నది గుమ్మంలో నిలబడి చూసేవారికి ఎలా తెలుస్తుంది?

ఇంగ్లండులో ఉన్న మా ఆడపడుచుకు ఈ సదుపాయం కూడా లేదు. అక్కడి సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్టరులో ఉండేది సోషల్ వర్కర్లే, వృద్ధుల ఇళ్ళకు వెళ్ళే కేరర్లకు నమోదు తప్పనిసరి కాదు. హైదరాబాదులో మా నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పుడు ఒక బ్యూరో పంపిన అటెండెంటు గురించి మా చేతికి వచ్చింది ఆధార్ జిరాక్సు ఒక్కటే. నాలుగో రోజున వేరే మనిషి వస్తే, ఆ జిరాక్సు కూడా లేదు.

ఇప్పుడు కొత్త కేరర్ ఎవరు వచ్చినా టీ ఇచ్చి, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రోజువారీ పుస్తకం అట్ట లోపలివైపు రాసుకుంటున్నాను. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. ఒకామె అయితే నేను అడగకముందే కార్డు తీసి బల్ల మీద పెట్టింది.