విజయవాడ ఆటోనగర్‌లో హబ్ మోటారు మరమ్మతు

మా ఇంట్లో ఉన్నది వెనుక చక్రం మధ్యలోనే ఇమిడి ఉండే 250 వాట్ల హబ్ మోటారుతో గంటకు 25 కిలోమీటర్లు మించని, రిజిస్ట్రేషను అవసరం లేని చిన్న ఎలక్ట్రిక్ స్కూటరు. మొన్నటి వానల తరువాత థ్రోటిల్ తిప్పితే వెనుక చక్రం గరగరమని వణికి ఆగిపోవడం, కాలితో నెడితే మాత్రం కదలడం మొదలైంది. సర్వీసు కేంద్రంలో ఏ పరీక్షా చేయకుండానే మోటారు, దానికి కరెంటును అదుపు చేసి పంపే కంట్రోలరు రెండూ మార్చాలన్నారు, 11,000 రూపాయలు అవుతుందన్నారు. ఆ మాట నమ్మబుద్ధి కాక, ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ (రాగి తీగ చుట్టలు) కట్టే ఒక చిన్న దుకాణానికి బండిని తీసుకువెళ్లాను.

అక్కడి మేస్త్రీ పానా ముట్టుకోక ముందే బండిని స్టాండు మీద నిలబెట్టి, తాళంచెవి తీసివేసి, చక్రాన్ని చేతితో తిప్పి చూశారు. కంట్రోలరులో స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్లు షార్టయినా, వైండింగ్ కాలి తీగలు కలిసిపోయినా చక్రం పట్టేసినట్టు బరువుగా తిరుగుతుంది. మా చక్రం తేలికగా తిరిగింది. ఆ తరువాత తాళంచెవి తిప్పి బండిని ఆన్ చేసి, మోటారు నుంచి వచ్చే అయిదు సన్నని తీగలలో ఎర్రదానికి 5 వోల్టులు అందుతున్నదని నిర్ధారించుకుని, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ మిగిలిన వాటిలో మూడు సిగ్నలు తీగలనూ మల్టీమీటరుతో చూశారు. రెండింటిలో వోల్టేజీ వస్తూ పోతూ ఉన్నది, మూడోది మాత్రం కదలలేదు. చెడినది, చక్రం ఏ స్థితిలో ఉందో అయస్కాంతాలను బట్టి కంట్రోలరుకు తెలిపే మూడు హాల్ సెన్సార్లలో ఒక్కటి! ఈ పరీక్షకు పట్టిన సమయం పది నిమిషాలు కూడా కాదు, అందుకే సర్వీసు కేంద్రం మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

మోటారు విప్పినప్పుడు లోపల తుప్పు నీరు కనిపించింది. అయస్కాంతాల పట్టు బలంగా ఉంటుంది కనుక స్టేటరును (వైండింగ్ ఉన్న లోపలి భాగాన్ని) చేతులతో లాగకుండా పుల్లరుతోనే బయటికి తీశారు. ఒకటి పోయిన చోట మిగిలినవీ ఎన్నాళ్లో నిలవవని మూడు సెన్సార్లనూ మార్చి, వైండింగ్‌ను ఆరబెట్టి వార్నిష్ పట్టించి, రెండు బేరింగులూ కొత్తవి వేశారు. రెండు రోజుల పనికి 2,600 రూపాయలు తీసుకున్నారు, నా లెక్కలో అది న్యాయమైన ధరే.

లోపాలు లేకపోలేదు. బిల్లు ఇవ్వలేదు, గ్యారంటీ నోటిమాటే. అంతకన్నా ముఖ్యంగా, ఇరుసు తిరగకుండా ఆపే వాషరు అంచులు అరిగిపోయి ఉన్నా పాతదే బిగించబోయారు. ఇరుసు తిరిగితే దానిలోంచి వచ్చే తీగలన్నీ తెగిపోతాయని నేను పట్టుబట్టిన తరువాతే కొత్తది వేశారు. తీగ ఇరుసులోకి దూరేచోట సిలికాన్ పూశారు గాని, తీగను పైనుంచి నేరుగా దించి వదిలేశారు. వాననీరు దాని వెంట జారి లోపలికి పోకుండా, ఇరుసు కన్నా కిందికి ఒక వంపు వేలాడేలా ఇంటికి వచ్చాక నేనే కట్టుకున్నాను.