సొంతంగా హంగేరియన్: రెండేళ్ళు దాటాక నా అభిప్రాయం

హంగేరియన్ అనగానే ఇంగ్లీషులో రాసిన పుస్తకాలు ముందు భయపెడతాయి. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఈ భాషకు 1,100 తరగతి గంటలు కావాలని లెక్క కట్టింది. ఆ లెక్క ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి. బుడాపెస్ట్‌లో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని నేర్చుకున్న నాకు కష్టాలు వేరే చోట ఎదురయ్యాయి.

విభక్తులు చాలా ఎక్కువని బెదిరిస్తారు. హాజ్ అంటే ఇల్లు, హాజ్‌బన్ అంటే ఇంట్లో. ‘బల్ల కింద’ అన్నట్టే ‘అస్తల్ అలత్త్’. ఇందులో మనకు కొత్తేముంది? ‘తోటలో’ అనాలంటే ముందు మాటలోని అచ్చును బట్టి ‘బన్’ కాస్తా ‘బెన్’ అవుతుంది, కెర్త్‌బెన్. అచ్చుల పొత్తు అని దీనికి అధ్యాయాలు కేటాయిస్తారు. హరికి, గురువుకు అని పుట్టినప్పటి నుంచీ అంటున్నవాళ్ళం, ఆ అధ్యాయం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. ‘నాకు కారు ఉంది’ అనే ధోరణి కూడా మనదే. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత: ప్రపంచానికి ఫ్రాంజ్ లిస్ట్ అయిన సంగీతకారుడు ఇక్కడ లిస్త్ ఫెరెన్త్స్. హల్ అంటే చేప, హల్ల్ అంటే వింటాడు. కల, కల్ల తేడా తెలిసిన చెవికి ఇది పట్టుబడుతుంది. ఇంగ్లీషు మిత్రులు ఇక్కడే తడబడడం చూసి కాస్త గర్వపడ్డానని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

ఆ గర్వం ఫలహారశాలలో దిగిపోతుంది. కాఫీ కావాలంటే ‘కావేత్ కేరెక్’. బిల్లు కావాలంటే ‘కేరెమ్ అ సామ్లాత్’. రెండుచోట్లా అడిగేది నేనే, క్రియ ఒక్కటే, కాని కాఫీ ఏదో ఒకటి, బిల్లు మాత్రం ఫలానా మన బల్లదే. అడిగే వస్తువు ఫలానాది అయితే క్రియ చివర మారిపోతుంది. ఇంగ్లీషువారికి ‘ఎ’, ‘ది’ల వల్ల ఈ ఫలానాతనం పుట్టుకతో వచ్చింది కనుక, నేను చూసిన పుస్తకాలు దాన్ని విడమరచి చెప్పలేదు. నేను వాడిన ఒక ఫోను యాప్ అయితే తప్పని ఎర్రగా చూపించి ఊరుకునేది, ఎందుకు తప్పో చెప్పేది కాదు. చివరికి తెలుగే దారి చూపింది. ‘పుస్తకం చదివాను’, ‘పుస్తకాన్ని చదివాను’ అన్నప్పుడు మనసులో వచ్చే తేడాను గమనించండి. ‘ని’ చేర్చాలనిపించే చోట చాలావరకు కేరెమ్ వైపు రూపమే వస్తుంది. అన్నిచోట్లా పనిచేయదు గాని, మాట్లాడేటప్పుడు తడుముకోకుండా కాపాడుతుంది.

సాధన కోసం నేను ఎక్కువగా నమ్ముకున్నది ఆ శిక్షణ సంస్థే 1962లో తెచ్చిన ‘హంగేరియన్ బేసిక్ కోర్స్’. ఉచితంగా దొరుకుతుంది, ధ్వనితో సహా. ఒక వాక్యం చెప్పి, అందులో పెట్టాల్సిన మరో మాట ఇస్తారు. కొత్త వాక్యం మొత్తం మనం పలకాలి. విసుగే, ఒప్పుకోవాల్సిందే. అయినా నోరు తిరిగింది దానివల్లే. కార్డుతో చెల్లించడం, సెల్‌ఫోను వంటివి అందులో వెతక్కండి. వాటికోసం అంకీ అనే కంఠస్థం చేయించే యాప్‌లో సొంత వాక్యాలు చేర్చుకున్నాను. విడి మాటలు చేర్చుకోవద్దు. ‘కార్త్యావల్’ (కార్డుతో) అని ఒక్కటే కంఠస్థం చేస్తే లాభం లేదు, దుకాణదారు అడిగే ప్రశ్నతో కలిపి పెట్టుకోవాలి.

ఉచ్చారణకు తెలుగు లిపిని ఆసరా చేసుకోవద్దు. ఒకే ‘ఎస్’ అక్షరాన్ని ష అని, ‘ఎస్‌జెడ్’ జంటను స అని పలుకుతారు, అంతవరకు బాగానే ఉంది. కాని పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఎ’, ‘ఇ’ పలికే అచ్చులకు మన దగ్గర అక్షరాలే లేవు. ట్రాము ప్రకటనలతో పాటు తిరిగి పలకడమే నాకు పనికొచ్చింది. నాలుగు, ఆరు నంబరు ట్రాములు అడుగడుగునా ఆగుతాయి కనుక పాఠం ఉచితం. తోటి ప్రయాణికుల చూపులు మాత్రం భరించాలి.

ఇప్పటికీ ఫోనులో మాట్లాడలేను. బజారులో, పక్కింటివారితో నెట్టుకొస్తాను. వయసులో పెద్దవారిని నువ్వు అనకూడదన్న జ్ఞానం మనకు ఉండనే ఉంది, ‘మీరు’కు క్రియను మాత్రం ప్రథమ పురుషలో, ‘ఆయన’కు వాడినట్టు వాడాలి. వాక్యాలు బాగా నోటికి వచ్చినవారికి హంగేరిలోని పేచ్ నగర విశ్వవిద్యాలయంవారి పాఠ్యపుస్తకం ‘మద్యర్ ఓకే’ (MagyarOK) మంచిది, అంతా హంగేరియన్‌లోనే ఉంటుంది. మొదటి రోజే దాన్ని తెరిస్తే మాత్రం మూసేయాలనిపిస్తుంది.